గ్లిజరిన్‌కు దూప ఎక్కువ

మొన్న సోమవారం పొద్దున్నే ఓనరక్క కూతురు ఫోన్ చేసి, "అమ్మ పోయింది చిన్నమ్మా," అంది. నిద్రలోనే పోయిందట, ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా. ముందు రోజు సాయంత్రం మనవరాలు కొనుక్కున్న క్రీము డబ్బా చేతిలోకి తీసుకుని, వెనక అచ్చు వేసిన చీమతలకాయంత అక్షరాలు ఓపిగ్గా చదివి, "మూడొంతులు నీళ్ళే. పైసలు మాత్రం వెన్నకు ఇచ్చినట్టు ఇచ్చినవ్," అందట. ఏడవబోతున్నదాన్నల్లా ఫక్కున నవ్వాను. అవతల కూతురూ నవ్వింది, ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏడిచాం. అందుకని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మరీ దిగులుగా రాస్తే ఆవిడకే నచ్చదు.

ఓనరక్క అంటే అశోక్‌నగర్‌లో మా బావ కిరాయికి ఉన్న ఇంటి యజమానురాలు. పై వాటాలో వాళ్ళు, కింద వాటాలో మేము. సొంత అక్క పక్కనే ఉండగా ఇంకొకరిని ఉత్తి అక్క అని పిలవడానికి నోరు రాక ఓనరక్క అన్నాను. అది ఆవిడకు నచ్చింది, వీధి వీధంతా అలాగే పిలవడం మొదలుపెట్టింది. నారాయణగూడలో ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరుగా చేసేది. చీర కుచ్చిళ్ళమీద ఎప్పుడూ ఆసిడ్ చిల్లులు ఉండేవి. వాటిని చూసి ఎవరైనా అయ్యో అంటే, గాలి ఆడుతుందిలే అనేది.

నేను తెనాలి నుంచి వచ్చింది అరవైతొమ్మిదిలో, తెలంగాణ గొడవలు కాస్త సద్దుమణిగాక. మా బావ ఆఫీసులో టైపిస్టు ఖాళీ ఒకటి పడింది. ఇంగ్లీషు టైపు హయ్యర్ పరీక్ష పాసైతే ఆ ఉద్యోగం దాదాపు నాదే. నాన్నకు ఇష్టం లేదు. ఊరు ఎలా ఉందో ఏమో, పరీక్ష పాసైతే సరే, లేకపోతే మర్నాడే వచ్చి తీసుకుపోతానని ఖరాఖండీగా చెప్పాడు. తెనాలిలో నాకోసం ఏముంది? అమ్మ పక్కన కూర్చుని జంతికలు నొక్కడం, సాయంత్రం జడ వేసుకుని అరుగుమీద కూర్చోవడం. నాకు ఆ ఉద్యోగం కావాలి. అంత గట్టిగా నేను అంతకు ముందు దేన్నీ కోరుకోలేదు.

చిక్కడపల్లిలో మేడమీద ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. వేళ్ళు బాగానే పరిగెత్తేవి, చలికాలం వచ్చేదాకా. మా కోస్తా వాళ్ళకి చలంటే పుష్యమాసంలో రెండు పొద్దుటి పూటలు దుప్పటి కప్పుకోవడమే. ఇక్కడి చలి వేరు. పొడి చలి. నాలుగు రోజుల్లో మోచేతులు బూడిద పూసినట్టయ్యాయి, వారం తిరక్కుండా వేళ్ళ కొసలు పగిలాయి. ఎడమ చిటికెన వేలు మరీను. ఇంగ్లీషు టైపులో 'ఏ' అక్షరం దానిదే, 'ఏ' లేకుండా ఒక్క లైను కూడా నడవదు. ఒకరోజు కాగితం మీద ఎర్రటి మరకలు చూసి మా మాస్టారు, ఎర్ర రిబ్బన్ వాడమని నీకెవరు చెప్పారమ్మా అన్నారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నాన్న పెట్టె సర్దుకుని రైలు దిగుతున్నట్టు కళ్ళకు కట్టింది.

మా ఇంట్లో పగుళ్ళకు ఒకటే మందు, గ్లిజరిన్. అమ్మ పెట్టేది, అమ్మమ్మ పెట్టేది. మెడికల్ షాపు నుంచి సీసా తెచ్చుకుని వేళ్ళకు దట్టంగా పట్టించాను. భగ్గుమని మండింది. మండితే పని చేస్తున్నట్టే అనుకుని ఇంకాస్త పట్టించాను. రెండు రోజులకు పగుళ్ళు ఇంకా లోతయ్యాయి.

ఆ పొద్దున ఓనరక్క కాలేజీకి పరుగెడుతూ మెట్ల దగ్గర నా చేతిలో సీసా చూసింది. బస్సు వచ్చే వేళ. ఆగకుండానే గేటు దగ్గర్నుంచి వెనక్కి తిరిగి, "వట్టి గ్లిజరిన్ పెట్టకు బిడ్డా, దానికి దూప ఎక్కువ! ముందుగాల దాని దూప జూడు!" అని కేకేసి వెళ్ళిపోయింది.

నాకు వినపడింది ధూపం. ధూపం ఎక్కువట, ధూపం చూపాలట. కెమిస్ట్రీ చదువుకున్న మనిషి ఊరికే అంటుందా? పైగా మా ఇంట్లో ధూపానికి లోటేముంది! మా అక్క చంటిపిల్లకు రోజూ తలంటి, సాంబ్రాణి పొగ వేసేది. పిల్ల జుట్టు ఆరాక ఆ కుంపటి నేను తీసుకుని, మళ్ళీ చిటికెడు సాంబ్రాణి వేసి, గ్లిజరిన్ పూసిన చేతులు రెండూ పొగమీద చాచి కూర్చునేదాన్ని. ఎంత భక్తిగా కూర్చునేదాన్నంటే మా బావ అటుగా వెళ్తూ చెప్పులు విడిచేవాడు. మూడు నాలుగు రోజులు అలా సాగింది. చేతులు ఘుమఘుమలాడుతున్నాయి, వేళ్ళు మాత్రం బీడు నేల పగిలినట్టు పగులుతున్నాయి. పరీక్ష చూస్తే రెండు వారాల్లో ఉంది.

ఆదివారం పొద్దున ఓనరక్క కిందికి వచ్చి నన్నా అవతారంలో చూసింది. ఏందీ పూజ అని అడిగింది. మీరే కదండీ గ్లిజరిన్‌కి ధూపం చూపించమన్నారు అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి, ఒక్క క్షణం కుంపటిలోకి చూసింది. ఆ పైన గుమ్మంలోనే చతికిలబడి, కళ్ళద్దాలు తీసేసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మా అక్క ఏమైందో అని మంచినీళ్ళు పట్టుకొచ్చింది. ఆ గ్లాసు చేత్తో పైకెత్తి చూపిస్తూ, "ఇగో, ఇదీ దూప. నీళ్ళ దూప. దాహం బిడ్డా, దాహం!" అని చెప్పి మళ్ళీ నవ్వు.

అప్పుడు నా చేతులు తన ఒళ్ళోకి తీసుకుని చూసింది. నవ్వు ఆగిపోయింది. పొగ కాస్తో కూస్తో ఉన్న తడిని కూడా ఆరబెట్టేసింది మరి.

"గ్లిజరిన్ ఎప్పుడూ తడి కోసం దేవులాడుతది," అంది. "మీ తెనాలి గాలిల తడి ఉంటది, అక్కడ గాలిలకెంచి తాగుతది. ఈడ చలికాలం గాలి వట్టిపోయి ఉంటది. గాలి ఇయ్యకపోతే ఎవర్ని అడుగుతది? నిన్నే అడుగుతది. నీ చర్మంలకెంచే తాగుతది."

మా అమ్మా, అమ్మమ్మా తప్పు చెప్పలేదన్నమాట. ఊరు మారితే మందు మారుతుందని వాళ్ళకు తెలియదు, అంతే.

ఆ మధ్యాహ్నం పై వాటా వంటింట్లో నాకు క్రీము పాఠం మొదలైంది. నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆవిడ పెంకుటింటిని తెచ్చింది. పై చర్మం అంటే పెంకులు పేర్చిన కప్పు లాంటిదట. ఆరిపోతే పెంకులు ముడుచుకుని మధ్యలో సందులు పడతాయి, అక్కడే చిరుగుతుంది. ఆ సందుల్లో చేరి సదును చేసేది నూనె, దానివల్లే చేతికి మెత్తగా తగులుతుంది. పైనుంచి తడి ఎగిరిపోకుండా మూతేసేది మైనం. గ్లిజరిన్ కూడా మంచిదేనట, కానీ నీళ్ళలో కలిపి, పైన నూనె మూత వేస్తేనే. "మెత్తగ చేస్తదంటే నమ్ము, తెల్లగ చేస్తదంటే నమ్మకు," అనేది. ఆ మాట తర్వాత మా ఇళ్ళల్లో ఆడపిల్లలందరికీ చెప్పాను. ఒక్కతీ వినలేదనుకోండి.

మంచినూనె తెమ్మంది. ఈసారి నాకు తెలివొచ్చింది. మీ మంచినూనె ఏది, మా మంచినూనె ఏది అని ముందే అడిగాను. మాకు మంచినూనె అంటే నువ్వుల నూనె, వాళ్ళకు పల్లీ నూనె. అడక్కుండా వెళ్ళి ఉంటే పరీక్ష హాల్లో నా చేతులు మిరపకాయ బజ్జీల వాసన కొట్టేవి. నువ్వుల నూనె, తేనెమైనం, పన్నీరు, చిటికెడు వెలిగారం, ఇంతే సరుకు. పగుళ్ళకని కొంచెం ఉన్ని మైనం కూడా వేసింది. అది గొర్రె బొచ్చులోంచి వస్తుందని తెలిసి మా అక్క మడి గుర్తొచ్చి రెండడుగులు వెనక్కి వేసింది. గొర్రెను కొయ్యలేదమ్మా, తలంటిన్రు, అంతే, అని ఓనరక్క ఒప్పించింది.

మైనం, నూనె ఒక గిన్నెలో పెట్టి వేడినీళ్ళ మీద కరిగించింది. ఇంకో గిన్నెలో పన్నీరు వేడిచేసి వెలిగారం కలిపింది. రెండూ ఒకే వేడి మీద ఉండాలట, లేకపోతే ఒకదానిమీద ఒకటి అలుగుతాయట. సన్నటి ధారగా పోస్తూ కలియబెట్టమంది. నేను కలుపుతూనే ఉన్నాను, పచ్చటి నూనె కాస్తా చూస్తుండగానే తెల్లగా, చిక్కటి మీగడలా అయిపోయింది. నోరు తెరుచుకుని చూశాను. "నూనె, నీళ్ళు కలువయంటరు. నడుమ వెలిగారం ఉంటే ఎందుకు కలువయి?" అంది. అప్పటికి గోడలమీద నినాదాలు ఇంకా చెరిగిపోలేదు. ఆంధ్రావాళ్ళకు ఇల్లెందుకు ఇచ్చావని ఎవరో ఆవిడ్ని అడిగారనీ, పిల్లకు సాంబ్రాణి వేస్తే మా పైదాకా కమ్మగ వస్తది, అందుకిచ్చిన అని చెప్పిందనీ మా అక్క చెప్పింది. ఆవిడ నాతో ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

రోజూ సాయంత్రం చేతులు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, పూర్తిగా తుడవకుండా తడిమీదే ఆ క్రీము రాయాలి. పైన పాత నూలుగుడ్డ చుట్టాలి. ఆరిన చేతికి రాస్తే ఉత్త ఇంటికి తాళం వేసినట్టే అనేది. ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళే ముందు మాత్రం ముట్టుకోకూడదు, మీటలు జారతాయి, కాగితం మీద అప్పడంలా నూనె మరక పడుతుంది. కాలేజీ నుంచి రాగానే పైకి వెళ్ళకుండా తిన్నగా మా గుమ్మంలోకి వచ్చి, చేతులు చూపించు అనేది. చిటికెన వేలు ఒత్తి చూసి, హుఁ అని పైకి వెళ్ళేది. ఆ హుఁలో ఏముందో రాత్రి పడుకునేదాకా నేనూ అక్కా తర్జనభర్జన పడేవాళ్ళం.

ఆవిడతో కలిసి చిక్కడపల్లిలో ఫ్యాన్సీ షాపుకు వెళ్ళడమంటే మాత్రం ప్రాణాంతకం. అప్పట్లో డబ్బాల మీద లోపల ఏముందో రాసేవాళ్ళు కాదు. ఈవిడ ఒక్కో డబ్బా మూత తీయించి, వేలికి అంటించుకుని, ఇంత పొట్లం కాగితం మీద రాసి వెలుతురుకు పట్టేది. ఆరిపోయేది నీళ్ళు, మరక నిలిచేది నూనె అని నాకు గట్టిగా చెప్పేది, షాపతనికి వినపడేట్టు. అంతా చూసి ఏమీ కొనకుండా బయటికొచ్చేది. దూరంగా మేం కనపడితే చాలు, అతను డబ్బాలు లోపల పెట్టేసేవాడు.

పరీక్ష ముందు రోజు నాన్న వచ్చాడు. పాసైతే దీవించడానికో, తప్పితే తీసుకుపోవడానికో చెప్పలేదు. పగుళ్ళు పూడాయి గానీ కొత్త చర్మం, పల్చగా, గులాబీ రంగులో ఉంది. ఇంకో చలిగాలి తగిలితే చిట్లుతుందేమోనని నా భయం. పొద్దున రిక్షా ఎక్కుతుంటే ఓనరక్క తన శాలువాతో సహా ఎక్కి నా పక్కన కూర్చుంది. కాలేజీ లేదా అంటే, చేతులు ఇటియ్యి అంది. బషీర్‌బాగ్ దాకా నా రెండు చేతులూ శాలువాలో, తన అరచేతుల మధ్య పెట్టుకుంది. పరీక్ష హాలు గేటు దగ్గర బయటికి తీసి, నా వేళ్ళు ఒక్కొక్కటీ మడిచి తెరిచి చూసి, పో అంది.

పాసయ్యాను. ఆ ఉద్యోగమే చేశాను, ఈ ఊళ్ళోనే ముసలిదాన్నయ్యాను. అదంతా తర్వాతి మాట. ఆ పొద్దున పరీక్ష అయ్యి బయటికి వచ్చేసరికి నాకింకా ఏమీ తెలియదు. ఓనరక్క ఇంటికి వెళ్ళిపోయి ఉంటుందనుకున్నాను. హాలు కిటికీల కింద, ప్రహరీ గోడకు చెవి ఆనించి నిలబడి ఉంది. అంతసేపూ అక్కడే ఉందట. నొప్పి ఉంటే చిటికెన వేలు దగ్గర చప్పుడు ఆగుతుంది, అది వినడానికట.

"మరి విన్నారా? నాది ఆగిందా?" అన్నాను.

"అన్ని మిషన్లల్ల నీది యాడున్నదో నాకేమెరుక బిడ్డా," అంది. "అందుకే అన్నీ విన్న."

అప్పుడు చూశాను. లోపల మిషన్లు ఎప్పుడో ఆగిపోయాయి. టైపు ఒక్క ముక్క రాని ఆవిడ చిటికెన వేలు మాత్రం ఆ ఎండలో, గోడమీద ఇంకా కొట్టుకుంటూనే ఉంది.