బావమరిది సుమోల తడి

భూపాలపల్లి మెయిన్ రోడ్డు మీద జాల్యాది కార్ల సీటు కవర్లు కుట్టే దుకాణం. ఒకసారి ఇంట్ల అన్నం తినుకుంట, "పాత సుమో ఒకటి కొని కిరాయికి తిప్పితె బతుకు మారుతది" అన్నడు. పెండ్లాం చంద్రి నవ్వి ఊకుంది. పక్కన కూసోని తింటున్న ఆమె తమ్ముడు మంగీలాల్ నవ్వలే. ఏడాది తిరగకముందే తండాల చెలక కౌలుకిచ్చి, ఆడింత ఈడింత తెచ్చి సుమో కొన్నడు. అప్పటిసంది "మా తమ్ముని బండి" అనకుంట చంద్రికి పొద్దు గడువది. ఆ మాట చెవుల పడ్డప్పుడల్ల జాల్యాకు గోరు కింద సూది దిగినట్టయితది.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బొగ్గుబాయిలు బంద్. బొగ్గు లేక కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో తెల్వది. కార్లు కొనేటోడు లేడు, సీట్లు కుట్టించేటోడు అసలే లేడు. మంగీలాల్‌కు మాత్రం తీరిక లేదు. సమ్మె నాయకులు ఏ మీటింగుకు పోవాలన్నా ఆయన బండే.

ఆ బండినే టేకుమట్ల కాడ రోడ్డెక్కి పారుతున్న వాగుల దింపిండు. లోపలికి సీట్ల ఎత్తు నీళ్లొచ్చినయి. ఇంజను మెకానిక్ సక్కజేసినంక తెచ్చి జాల్యా దుకాణం ముందర నిలబెట్టిండు.

"బావా, ఎల్లుండి జనగామల సభ. నాయకులు దీంట్లనే పోవాలె. ఆరకుంటె వేరే బండి మాట్లాడుకుంటమన్నరు. ఆ బండి కుదిరితె ఇగ నన్ను పిలువరు."

"ఎల్లుండికి ఎట్లయితది? ముసురు పట్టింది, కరెంటు లేదు."

"నీకు కాకుంటె ఇంకెవరికయితది?" అని చెప్పి పోయిండు.

జాల్యా సీట్లు ఇప్పిండు. అడుగున రబ్బరు బిరడాలు గుంజి నీళ్లు వదిలిండు. కార్పెట్ లేపితె దాని కింద మెత్తగ పరిచే నమ్దా, గొంగడంత మందం, నీళ్లు తాగి బండ బరువుంది. ఆరబెట్టాలంటె ఎండ లేదు, ఫ్యాను తిరగది. దుకాణానికి ఎదురుంగ నడిరోడ్డు మీద వంటావార్పు నడుస్తుంది. సమ్మెల కూసున్నోళ్లు రోడ్డుకు అడ్డంగ పొయ్యిలు పెట్టి, పైన పరదాలు కట్టి వండుకుంటున్నరు. జాల్యా సీట్లన్నీ మోసుకపోయి పొయ్యిల చుట్టు పెట్టిండు. బాయి కార్మికులు వాటి మీదనే కూసున్నరు.

"అసెంబ్లీల కూసున్నట్టే ఉందిరా," అన్నడు వీరయ్య.

"ఐతె ఇగ లెవ్వవు, ఆడ గూడ ఎవడు కూసుంటె వాడు లెవ్వడు," అని గంజి వంచుకుంట అన్నది సరోజనవ్వ. జాల్యా పొయ్యిల పక్కన దండెం మీద ఏసిన కార్పెట్, నమ్దా దిక్కు చూసి, "ఏంది బిడ్డా, ఇయ్యాల బువ్వల అంచుకు గిదేనా?" అన్నది.

అందరు నవ్విండ్రు. జాల్యా గూడ నవ్విండు. గప్పుడే వీరయ్య, "ఏమన్నగాని మంగీలాల్ గట్టోడు. ఆయన లేకుంటె మన నాయకులు కాలు కదిపెటోళ్లా?" అన్నడు. చుట్టున్నోళ్లు తలకాయలూపిండ్రు.

జాల్యా నవ్వు ఆగిపోయింది. తల మీద ఎగిరే జెండాలన్నీ కాలుతొక్కుడు మిషన్ మీద ఆయన కుట్టినయే. ఎవడన్న ఒక మాట అన్నడా? చక్రాలుంటేనే ఉద్యమమా?

మరునాడు సీట్లు ఆరినయి, కార్పెట్ ఆరింది. నమ్దా పైన గోరువెచ్చగుంది గాని పిండితె నీళ్లొస్తున్నయి. "ఇది ఇంక ఆరలే బిడ్డా," అన్నది సరోజనవ్వ. "ఆరింది అవ్వా," అని జాల్యా దాన్ని మోసుకపోయి బండిల పరిచిండు. పైన కార్పెట్ ఏసి, సీట్లు బిగించిండు. ఏం చేస్తున్నడో ఆయనకు మంచిగనే ఎరుక.

తెల్లారి మంగీలాల్ వచ్చి కార్పెట్ మీద చెయ్యి పెట్టి చూసిండు. "పొడిగుంది. నువ్వుండంగ నాకేం పరేషాన్ బావా."

ఆ రోజంత ముసురే. అద్దాలు ఎక్కించి ఉంటరు, హన్మకొండ దాటేసరికి కుళ్లిన గోనెసంచి వాసన లేస్తది, నాయకులు ముక్కులు మూసుకుంటరు. జాల్యా దుకాణంల కూసోని ఇదంత తలుసుకున్నడు. తలుసుకున్న కొద్ది ఛాయ్ తియ్యగైంది.

పొద్దుగూకినంక మంగీలాల్ జాల్యా ఇంటికొచ్చిండు. కాళ్లకు చెప్పులు లేవు.

"నా చెప్పులే కంపు గొడుతున్నయనుకున్న బావా. రఘునాథపల్లి కాడ కిటికీల నుంచి ఇసిరికొట్టిన. ఐనా పోలే. వచ్చేటప్పుడు నాయకులు బస్సు పట్టుకోని పోయిండ్రు."

"నమ్దా తడి ఉండొచ్చు," అన్నడు జాల్యా గోడ దిక్కు చూసుకుంట.

"గంతేనా? కరెంటు లేకపాయె, నువ్వు మాత్రం ఏం జేస్తవ్."

ఆ మాటకు జాల్యాకు ఒళ్లు మండింది. తిట్టినా బాగుండు. ఇది ముష్టేసినట్టుంది.

"కరెంటు లేక గాదు. తడి ఉన్నదని తెలిసే ఏసిన."

చంద్రి చేతిల గిన్నె అట్లనే ఆగింది.

"ఎందుకు?" అన్నడు మంగీలాల్.

"బండి నీదైనందుకు."

మంగీలాల్ అక్క దిక్కు గూడ చూడలే. ఉత్తకాళ్లతోటే బురదల నడుసుకుంట పోయి బండెక్కిండు.

ఆ నాయకులు మల్ల పిలువలే. మంగీలాల్ హన్మకొండల నమ్దా మార్పిచ్చి, సీట్లు గూడ కొత్తగ కుట్టిచ్చిండని చంద్రి ఎవరితోనో చెప్తుంటె జాల్యా విన్నడు. దీపావళి ముందర సుమో బజార్ల ఆగి ఉంటె, మంగీలాల్ లేంది చూసి దగ్గరికి పోయిండు. అద్దానికి మొఖం ఆనిచ్చి లోపలికి చూసిండు. ఎవడో హన్మకొండోడు కుట్టిన సీట్లు, డబల్ కుట్టు, ఎక్కడా వంకర లేదు. మూలలు ఎట్ల మడిచిండో చూద్దామని అవతలి దిక్కు తిరిగిండు. అవి గూడ సక్కగనే ఉన్నయి. తన బావమరిది బండిని ఎవడో పరాయోడు ఇంత మంచిగ ముట్టుకున్నడని జాల్యాకు ఆ రోజు బువ్వ దిగలే.