మా తెరల సారు ముఖం

పోయిన శుక్రవారం పొద్దున మా తెరల సారు పోయారు. ఫోన్ చేసి చెప్పిన స్నేహితుణ్ణి "నాటకాలాడకురా" అన్నాను. మేమిద్దరం నేర్చుకునేది నాటకాల పనే కనుక వాడు నన్ను తిట్టాల్సింది. తిట్టలేదు, ఏడ్చాడు. అప్పుడు నమ్మాను.

సూరత్‌లో, అడాజన్‌లో ఒక రెండంతస్తుల ఇంట్లో నడిచే మా కళల కాలేజీ గురించి మీరు విని ఉండరు. పక్క వీధివాళ్ళే వినలేదు. పైన నాట్యం, కింద చిత్రలేఖనం. పైన అమ్మాయిలు అడుగేస్తే కింద మా గీత వణికేది. చెరపబోతే సారు చేయి పట్టుకునేవారు. "ఉండనియ్యిరా. పైన ఎవరో ఆడుతున్నరని తెలుస్తది." నాటకాలకు వెనక తెరలు గీయడం నేర్పే ఆయనా మన తెలుగాయనే.

మా నాన్న సూరత్‌లోనే, మన నేతవాళ్ళుండే గోడాదరాలో మరమగ్గం నడుపుతాడు. రంగులు పూయడానికి కూడా ఒక కాలేజీ ఉండటం ఆయనకు మింగుడుపడలేదు. "ఏడాది చూస్త బిడ్డా. పని అనిపియ్యకుంటే మగ్గం మీదికే" అన్నాడు. ఏడాది చివర, నేను తెర గీసిన నాటకం చూడటానికి వచ్చాడు. నా చదువుకు ఉరిశిక్షో విడుదలో ఆ రోజే తేలాలి.

తెర వేలాడదీయగానే అందరూ నోళ్ళు తెరిచారు. కుడివైపు ఉండాల్సిన ఇంటి గుమ్మం ఎడమవైపు ఉంది. మా మగ్గం మీద చీర బోర్లా నేస్తాం, పైకి కనిపించేది వెనకవైపు. పుట్టినప్పటి నుంచి అదే చూసిన నా చేతులు, నేల మీద పరిచిన గుడ్డ మీద బొమ్మంతా తిరగేసి గీశాయి. సారు ఒక నిమిషం చూశారు. "నేతోళ్ళ పిలగాడనిపించుకున్నవ్ పో" అని, నటులవైపు తిరిగారు. "అరే, ఇయ్యాల అందరు అటుదిక్కు నుంచి రండ్రి. ఇల్లు జరిగింది."

నాటకమయ్యాక నాన్న వేదికెక్కి, చీర నాణ్యం చూసినట్టు తెర అంచు తిరగేశాడు.

"గుమ్మం ఉల్టా పడ్డది గద సారూ?"

"పడ్డది. మీ మగ్గం నేర్పిందే గిది. ఇంకో రెండేండ్లు ఇయ్యి అన్నా, సీదా చేసి పంపిస్త."

నాన్న తెర అంచు వదిలి "సరే" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఈ మూడో ఏడు దాకా వచ్చాను. సారుకు ఒక్కసారైనా కృతజ్ఞత చెప్పలేదు. చెప్పబోయిన ప్రతిసారీ ఒక జోకు వేసి తప్పించుకున్నాను.

శుక్రవారం నాన్న మగ్గం ఆపి నాతో వచ్చాడు. అంత్యక్రియలయ్యాక సారు ఇంట్లో దీపం దగ్గర పెట్టడానికి ఫొటో వెతికారు. ఆధార్ కార్డు మీది మసక ముఖం తప్ప ఒక్కటీ లేదు. క్యామెరా కనిపిస్తే చాలు, "రీలు దండుగ" అని తెర వెనక్కి పోయే మనిషి ఆయన. సారు భార్య నా వైపు తిరిగారు. "నువ్వు గీయి బిడ్డా. రోజూ చూసినోనివి గద."

కాగితం, బొగ్గు తీసుకున్నాను. ముక్కు దగ్గర ఒకసారి చెరిపాను. మళ్ళీ గీశాను. "చెవులు ఇంకా జర పెద్దగ" అన్నారావిడ. నవ్వబోయి ఇద్దరం ఏడ్చాం.

పటాన్ని గోడకు ఆనించాను. ఎవరో మల్లెదండ తెచ్చారు. "దండ తగిల్తే చెరిగిపోతది" అన్నాను, ఎవరితోనో తెలీకుండా. నాన్న ఆ మల్లెదండను రెండు చేతులతో ఎత్తి, కాగితానికి వేలెడు దూరంలో పట్టుకుని, వచ్చినవాళ్ళందరూ దణ్ణం పెట్టి వెళ్ళేదాకా అలాగే నిలబడ్డాడు.