మిరపచేలో మోగిన ఫోను

మా అక్క కూతురు కిందటేడు నరసరావుపేటలో మా ఇంట్లో ఉండి ఉద్యోగం చేసింది. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ సరిగా అందదు. పగలంతా ల్యాప్‌టాప్, సాయంత్రమైతే చెవుల్లో ఆ తెల్ల బుడిపెలు. వంటింట్లో ఉన్న నాకు దాని నవ్వొక్కటే వినపడేది. అవతలివాడెవడో, ఏమంటున్నాడో దేవుడికే ఎరుక. "ఎవరే?" అంటే "ఫ్రెండ్ పిన్నీ" అనేది. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు. ప్రేమించి పెళ్లి చేసుకున్నదాన్ని, అడగడానికి నాకేం మొహముంది?

మా రోజుల్లో ఇంత గుట్టు సాగేది కాదు. రెంటచింతల దగ్గర మా పల్లెలో, ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను, చైనా సెట్టు. అది మోగిందంటే వీధి వీధంతా తెలిసేది. మాచర్లలో నాతో డిగ్రీ చదివినతను మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. ఒక్కసారి మోగి ఆగిందంటే నన్ను తలుచుకున్నాడని అర్థం. "ఎవడే ఆ పనిలేనోడు?" అని అమ్మ విసుక్కునేది. నేను తల వంచుకుని బియ్యం ఏరుకునేదాన్ని. ఆ ఒక్క మోతతో రోజంతా గడిచిపోయేది. ఎంత సంబరమో! ఇప్పుడు గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళకి ఆ సంగతి చెప్పినా ఎక్కదు.

అయితే పెళ్లి మాటెత్తితే మాత్రం అతను "చూద్దాంలే" అనేవాడు. మాకూ వాళ్ళకూ కులం వేరు. పైగా వాళ్ళమ్మంటే అతనికి హడల్.

ఇలా ఉండగా మిరపకోతలు వచ్చాయి. కాయలు కోసిన చేతులు భగభగ మండుతుంటాయి. ఆ చేత్తో మొహం తాకామా, ఇక అంతే సంగతులు. అందుకే కోతల్లో ఫోనొస్తే ఎవరూ చెవి దగ్గర పెట్టుకోరు, స్పీకర్ నొక్కి దూరం నుంచే మాట్లాడతారు. ఆ రోజు మా ఫోను గట్టు మీద అన్నం క్యారేజీల పక్కనుంది. మోగింది. ఆగుతుందిలే అనుకున్నాను, ఆగలేదు. నీళ్ళు తాగడానికి గట్టెక్కిన పక్కింటి వదిన నాకు సాయం చేద్దామని గోటితో నొక్కి, అలవాటు కొద్దీ స్పీకర్ పెట్టేసింది. హలో అనేలోపే అతని గొంతు మొదలైంది.

"ఇదిగో, ఆదివారం మా అమ్మను తీసుకొని మీ ఇంటికొస్తన్నా. మీవోళ్ళు కాదన్నా సరే, నిన్ను తప్ప ఇంకెవర్నీ చేసుకోను."

చైనా సెట్టు గొంతు తెలిసిందేగా. చేలో చేతులన్నీ ఆగిపోయాయి. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏంది బాబూ, ఏ ఆదివారం? సరిగ్గా చెప్పు, మేమందరం వింటన్నాం" అంది వదిన.

అవతల్నుంచి "ఈ ఆదివారమేనండీ" అని సన్నగా వినపడింది. ఇక చూస్కోండి, నవ్వులే నవ్వులు.

ఆదివారం వాళ్ళమ్మతో సహా వచ్చాడు. రాక ఏం చేస్తాడు, చేనంతా సాక్ష్యమాయె! "ఆ రోజు వాళ్ళు వినకపోతే ఇంకో రెండేళ్ళు నాన్చేవాణ్ణే" అని ఈమధ్యే మా ఆయన నోరు జారాడు. ఆ పూట అన్నం పెట్టాను గానీ మాట్లాడలేదు.

కిందటేడు ఎండాకాలంలో అక్క కూతురి నవ్వు ఆగిపోయింది. కంచంలో అన్నం కెలికి లేచిపోయేది. ఓ మధ్యాహ్నం తలుపు తోసి చూస్తే ఫోను ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. పెళ్లి చేసుకుంటానన్నవాడు బ్లాక్ చేశాడట. పోట్లాట లేదు, కారణం చెప్పలేదు. ఫోన్ కలవదు, మెసేజ్ పోదు, వాడి ఫోటో కూడా కనపడదు.

"మాట ఇచ్చాడా?"

"చానాసార్లు ఇచ్చాడు పిన్నీ."

"ఎవరన్నా విన్నారా?"

తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఏడుపు.

ఇంత పిల్లకి ఇంత దుఃఖమొస్తే, పక్కగదిలో ఉండి నేను కూర తాలింపు వేసుకుంటున్నాను. వాణ్ణి దుమ్మెత్తిపోద్దామని నోరు తెరిచి ఆగిపోయాను. తిట్టడానికి వాడి పేరు కూడా నాకు తెలియదు.

"వాడి పేరేందే?"

కళ్ళు తుడుచుకుని చెప్పింది. ఆ పేరు పెట్టి నోరారా తిట్టాను, మా పల్లెలో తిట్టినట్టే తిట్టాను. అది నా ఒళ్ళో మొహం దాచుకుని, "అంతలా తిట్టమాక పిన్నీ" అంది.