పిలిస్తే పలికే నిద్ర

చెన్నప్పను కొత్తగా చూసినవాళ్లు తల పక్కకు తిప్పుకుంటారు. అలాంటివాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఎడమ చెంప నుంచి కనుబొమ దాకా కుట్ల గుర్తులున్నాయి, ఆ వైపు రెప్ప పూర్తిగా మూతపడదు, అంతే కదా! రొద్దం దగ్గర తన వేరుశనగ చేలో ఎలుగుబంటి కొట్టిన దెబ్బ అది. హిందూపురం ఆసుపత్రిలో వేసిన కుట్లు మానాయి. పోయిన నిద్ర మాత్రం తిరిగి రాలేదు.

కళ్లు మూస్తే ఎలుగుబంటి మీదికి వచ్చేది. డాక్టరు కొద్ది రోజులకని నిద్రమాత్ర రాసిచ్చాడు. ఆ కొద్ది రోజులు ఏళ్లయ్యాయి. చీటీ ఎప్పుడో చిరిగిపోయినా మందుల అంగడివాడు అడక్కుండానే ఇచ్చేవాడు. నిద్ర సుఖమెరగదంటారు. ఈయన నిద్ర పెళ్లాం పిలుపు కూడా ఎరగదు. ఒక కన్ను తెరుచుకుని కట్టెలా పడి ఉంటే, భార్య హనుమక్క భుజం పట్టి ఊపినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. పొద్దున లేచాక కూడా మబ్బుగానే ఉండేవాడు. ఖాళీ తొట్టి ముందు ఎద్దును కట్టి, నీళ్లు పెట్టానని వాదించేవాడు. ఒకసారి పట్టుదలకు పోయి మాత్ర ఉన్నపళంగా మానేస్తే, చేతులు వణికి, చెమటలు పట్టి, ఎలుగుబంటి ఇంట్లో తిరుగుతోందని అరిచాడు. మళ్లీ మాత్రే గతి అయింది.

నాదీ ఆ ఊరే. అటవీ శాఖకు జీపు తోలుతాను. హనుమక్క ఒకరోజు నన్ను ఆపి, "పిలిస్తే పలకనిదాన్ని నిద్ర అంటారా అప్పా?" అని అడిగింది. ఆమెకు తెలిసిన వైద్యం ఒకటే. ఎలుగుబంటి వెంట్రుక తాయెత్తులో పెట్టి కడితే దడుపు పోతుందని మా వైపు పిల్లలకు కట్టేవాళ్లు. ఈ దడుపు ఎలుగుబంటి వల్లే వచ్చింది కాబట్టి ముల్లును ముల్లుతోనే తీయాలని ఆమె పట్టు.

ఆ రోజుల్లోనే పశువైద్యురాలు సుచిత్ర పరిశోధనకని మా దగ్గరికి వచ్చింది. మత్తు సూది వేసిన ఎలుగుబంటి మా ఎండల్లో ఎంతసేపు పడి ఉంటుంది, దాని ఊపిరి ఎలా మారుతుంది, ఒళ్లు ఎంత వేడెక్కుతుంది అని చూసి, ఏ మందు క్షేమమో తేల్చడం ఆమె పని. దాని తల దగ్గర కూర్చోవడానికి ఒక మనిషి కావాలంటే అందరూ తలా ఒక సాకు చెప్పారు. నాకు జీపు ఉంది కాబట్టి సాకు అక్కర్లేకపోయింది. వస్తానన్నది చెన్నప్ప ఒక్కడే. కూలి కోసమన్నాడు. నేను నమ్మలేదు. ఇంట్లో హనుమక్క అప్పటికే తాయెత్తు రేకు తెప్పించి పెట్టింది.

పెనుకొండ కొండల కింద, పొద్దున్నే, సీతాఫలం పొదల మధ్య ఎలుగుబంటికి సూది తగిలింది. కాసేపు తూలి, పక్కకు ఒరిగింది. చెన్నప్ప దాని వైపు నడిచి సగంలో ఆగిపోయాడు. దాని కళ్లు తెరుచుకునే ఉన్నాయి. ఆయన ఒక అడుగు వెనక్కి వేయడం నాకు జీపులోంచి కనబడింది. తిరిగి వచ్చేస్తాడనుకున్నాను.

"ఈ మందుకు కళ్లు మూతపడవు చెన్నప్పన్నా," అంది సుచిత్ర నెమ్మదిగా. "ఇది నిద్ర కాదు, మత్తు. రెప్ప వాల్చుకోలేదు కాబట్టి కళ్లు ఎండిపోతాయి. మనమే కప్పాలి."

చెన్నప్ప వెళ్లి దాని తల పక్కన కూర్చున్నాడు. సుచిత్ర దాని కళ్లల్లో మందు వేశాక, తన భుజం మీది టవలు తడిపి ఆ కళ్ల మీద పరిచాడు. ఒక చెయ్యి పక్కటెముకల మీద పెట్టి ఊపిరి చూస్తూ, ఒళ్లు కాలుతోందనిపిస్తే నీళ్లు పోస్తూ ఉన్నాడు. వేళ్ల సందున జానెడు బొచ్చు. ఒక్కటి లాగితే అడిగేవాళ్లు లేరు. పొలాల్లోంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు తమ పిల్లలకు నాలుగు వెంట్రుకలు ఇమ్మని దూరం నుంచే సైగ చేస్తే, వెళ్లిపొమ్మని చెయ్యి ఊపాడు.

పని అయ్యాక సుచిత్ర విరుగుడు సూది వేసింది. అందరూ జీపెక్కారు. ఎలుగుబంటి చెవులు కదిపింది, తల ఎత్తింది, రెండడుగులు వేసి పడి, మళ్లీ లేచి కొండ వైపు పోయింది. అది కనుమరుగయ్యేదాకా చెన్నప్ప చూస్తూనే ఉన్నాడు.

"మేడమ్, నాకేసేకి అట్లాంటి విరుగుడు సూది ఉండాదా?" అన్నాడు.

సుచిత్ర మాత్ర సంగతంతా అడిగి తెలుసుకుంది. తాను పశువుల డాక్టరునని, ఏళ్ల తరబడి మింగిన మాత్రకు ఒక్క సూదితో విరుగుడు లేదని, ఉన్నపళంగా మానడమే పొరపాటని, మనుషుల డాక్టరు చూస్తూ ఉండగా కొద్దికొద్దిగా తగ్గించుకోవాలని చెప్పింది.

"అట్ల చేస్తే లేస్తానా?"

"లేస్తారు. అది లేచినట్టే, పడుతూ లేస్తూ."

ఇంటి దగ్గర హనుమక్క చెయ్యి చాపితే చెన్నప్ప ఖాళీ చేతులు చూపించాడు. ఆమె నన్ను కూడా కలిపి తిట్టింది.

"కండ్లు తెరుచుకోని పడుండె. రాత్రిపూట నేను పడుండేదీ అట్లనే కదా. పీకేకి చెయ్యి రాలేదు," అన్నాడు.

ఆమె తాయెత్తు రేకును పెట్టెలో పడేసి, ఆ వారంలోనే తానే ఆయన్ను వెంటబెట్టుకుని హిందూపురం డాక్టరు దగ్గరికి పోయింది.

తర్వాతి నెలలు చెప్పుకోదగ్గవి కావు. మాత్ర కొంచెం తగ్గినప్పుడల్లా ఆయన నిద్రతో పాటు మా నెమ్మది కూడా పోయేది. ఊరికే కయ్యానికి కాలు దువ్వేవాడు. నేనూ ఊరుకునేవాణ్ని కాదు. ఇది ఈయన వల్ల కాదని చాలాసార్లు అనుకున్నాను.

మొన్న వేసవిలో నేనూ చెన్నప్పా ఎలుగుబంట్ల పని ముగించుకుని సోమందేపల్లి మీదుగా వస్తున్నాం. మాత్ర పూర్తిగా మానేసి అప్పటికి చాలా రోజులైంది. నేనేదో చెబుతున్నాను, పక్కనుంచి జవాబు లేదు. చూస్తే తల వాల్చి, నోరు తెరిచి, ఎడమ కన్ను తెరుచుకునే ఉన్నాడు. మళ్లీ మింగాడనుకున్నాను. జీపు పక్కకు ఆపి, మెల్లగా పిలిచాను.

"ఏమప్పా, చెన్నప్పా."

"ఊఁ. ఊరొచ్చెనా?" అన్నాడు.

ఇంకా రాలేదన్నాను. వెంటనే గురక అందుకున్నాడు. ఎండ నేరుగా ఆ కంట్లో పడుతోంది. నా టవలు తడిపి, పిండి, ఆ కంటి మీద కప్పి బండి తీశాను.