బావ పక్కన జాగా

మా అక్కను మా బావ పక్కన పూడ్చనివ్వలేదు.

ఇన్నేళ్లకు ఈ మాట ఎందుకెత్తానంటే, పొద్దున పేపర్లో చదివాను, నిన్న ఒక్క పూటలోనే బోలెడు కొత్త చట్టాలు సభ దాటాయట. చేతిలో చాయ్ చల్లారిపోయింది. వాళ్లు చేసే వేగానికి మనం చదివే వేగం ఎక్కడ సరిపోతుంది? నేను బడికి పోయినవాణ్ణి కాను. తాపీ పని చేస్తూ, పుట్నాలు కట్టిచ్చిన కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అయినా సర్కారు ఉత్తర్వు దొరికితే కింది సంతకం దాకా చదవనిదే వదలను.

ఖాజాగూడ చెరువు దాటాక, రాతి గుండ్ల కింద, మా వాళ్లను పూడ్చే బొందలగడ్డ. చుట్టూ అద్దాల మేడలు లేచినా అది మాత్రం మిగిలింది. బావ పోయినప్పుడే అక్క ఆయన పక్కన ఒక బండరాయి వేయించింది, బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు. ఏటా పోయిన పెద్దలను తలుచుకునే పెత్రమాసకు వెళ్లి బావ సమాధికి సున్నం కొట్టేది. తన జాగాను కూడా వాకిలి ఊడ్చినట్టు ఊడ్చి వచ్చేది.

తెలంగాణ కోసం జనం నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుంటున్న రోజుల్లో అక్కడ ఒక బోర్డు లేచింది. కొత్త ఉత్తర్వు ప్రకారం చెరువు దగ్గర ఇకమీదట ఎవరినీ పూడ్చరాదని. అక్కకు చదివి వినిపించాను.

"బతికున్నప్పుడు మీ బావ నన్ను పక్కన కూసోనియ్యలె. ఇగ సచ్చినంక సర్కారు పండనియ్యదా?" అని నవ్వింది. నవ్వి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తమ్మీ, నన్ను గాడనే పెట్టాలె. సదువొచ్చినోనివి, కాగితం రాయి."

రాశాను. దరఖాస్తు పట్టుకుని వెళ్తే, సర్కారు ఆఫీసు మెట్ల మీద సమ్మెలో కూర్చున్న గుమాస్తా, "జర ఆగు తాతా. తెలంగాణ రానియ్యి, అంత మనోళ్లే గద" అన్నాడు. నమ్మి, నేనూ అతని పక్కనే కూర్చుని జై కొట్టాను. రాష్ట్రం వచ్చింది. మళ్లీ వెళ్లేసరికి అతని బల్ల మీద గుట్ట: పాత ఉత్తర్వుకు సవరణ, సవరణ మీద చట్టం, చట్టం కింద నియమాలు. "ఏది నడుస్తున్నదో నాకే సమజైతలేదు తాతా. పైకి రాసి అడుగుత. అప్పటిదంక పాతదే అనుకో."

అక్క అప్పటిదాకా ఆగలేదు. వానాకాలంలో ఒక పొద్దున పోయింది. పాడె చెరువు కట్ట ఎక్కగానే కాపలా అతను బోర్డు ముందు నిలబడ్డాడు. "నా నౌకరి పోతది పెద్దనాయనా, నీ కాల్మొక్త." అతణ్ణి తోసేసి పోదామన్నారు మా పిల్లలు. ఆపింది నేనే. ఉత్తర్వు ఉత్తర్వే అన్నాను. పాడె తిప్పించి, తెల్లాపూర్ అవతల మనవాళ్లెవరూ లేని శ్మశానంలో పెట్టి వచ్చాం.

పెత్రమాసకు ముందు పోస్టులో జవాబు వచ్చింది. కింది సంతకం దాకా చదివాను.

"మీరు ఉదహరించిన ఉత్తర్వు, కొత్త నియమాలు అమలులోకి వచ్చిన నాడే రద్దయినది. సదరు స్థలంలో ఖననమునకు ఎవరి అనుమతియు అవసరం లేదు. కావున మీ దరఖాస్తు తిరస్కరించడమైనది."