పండుగ మర్నాడు పలకని బోర్డు

పోయినవాటిని ముందే చెప్పేస్తాను. డెబ్బై ఏడు గుడ్లు. అవసరం లేకుండా కొన్న కేబులు ఒకటి, అడాప్టరు ఒకటి, కొత్త బోర్డు ఒకటి. నాకు ఒక రోజు జీతం. మా మేనత్తకు, గడ్డపోతారం కంపెనీలో డ్రమ్ములు కడిగే పని మానేయగలనన్న ధీమా. ఈ చివరిదానికి ఏ అంకె వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మొన్న పటాన్‌చెరులో సోల్డరింగ్ తీగ కోసం వెళ్లినప్పుడు ఇదంతా మళ్లీ కూడుకోవాల్సి వచ్చింది. దుకాణంలో నా ముందు నిలబడ్డాయన అరచేతిలో పట్టే నీలం బోర్డు ఒకటి పట్టుకుని, "పలుకుతలేదు భాయ్, ఎర్రలైటు మాత్రం ఎలుగుతున్నది," అంటున్నాడు. దుకాణదారు నా వైపు గడ్డం ఎగరేసి, "కాంటా సార్‌ను అడుగు, గిసొంటియి మస్తు సూసిండు," అన్నాడు. నేను చూసినవి పదమూడు. మస్తు అనడానికి అదేమంత పెద్ద సంఖ్య కాదు. అయినా బోర్డు చేతిలోకి తీసుకున్నాను.

కాంటా సార్ అని నన్ను ఎందుకంటారంటే, పారిశ్రామికవాడలో లారీలు తూచేచోట నా ఉద్యోగం. పదో తరగతి తర్వాత నాకు ఎవరూ లెక్కలు చెప్పలేదు. కాంటా గదిలో కూర్చుని నేనే నేర్చుకున్నాను. నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసేస్తే సరుకు తేలుతుంది. లోకంలో చాలా సంగతులు ఇలా తీసివేతతోనే తేలతాయని చాలాకాలం నమ్మాను. బోర్డుల పనీ అలాగే పట్టుబడింది, ఫోనులో వీడియోలు చూసి, ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసి. బోర్డు అంటే భయపడాల్సిందేమీ లేదు. అదొక చిన్న గుమస్తా. వేడి ఎంతుందో చెప్పే తీగ ఒకటి దానికి తగిలించి, ఇంత దాటితే బల్బులు ఆర్పు, ఇంతకు దిగితే వెలిగించు అని రాసిస్తే, టీ అడక్కుండా, సెలవు పెట్టకుండా అదే చేస్తూ కూర్చుంటుంది.

అలాంటి గుమస్తానొకదాన్ని బొంతపల్లిలో మా మేనత్త ఇంట్లో పెట్టాను. పాత సామాన్ల కొట్లో పాడైన ఫ్రిజ్ ఒకటి తెచ్చి, రెండు బల్బులు, చిన్న ఫ్యాను బిగించి, గుడ్లు పొదిగే పెట్టెగా మార్చాం. డ్రమ్ములు కడిగి కడిగి ఆమె నడుము పట్టేసింది. రాత్రి మంచం మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరగాలంటే ముందు లేచి కూర్చోవాలి. నాటుకోళ్లు పెంచుకుని బతకాలన్నది ఆమె ఆలోచన. మొదటిసారి ముప్పై గుడ్లు పెడితే ఇరవై రెండు పిల్లలయ్యాయి. దాంతో వాడకట్టు ఆడవాళ్లు నమ్మి పాలుకు గుడ్లిచ్చారు. మా వైపు మేకనో బర్రెనో పాలుకు ఇస్తారు. పెంచినవాళ్లకు సగం, ఇచ్చినవాళ్లకు సగం. అలా తొంభై ఆరు గుడ్లు జమయ్యాయి. అందులో ఇరవై నాలుగు పక్కింటావిడవి. కోస్తా నుంచి భర్త ఫ్యాక్టరీ ఉద్యోగంతో వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి ఆవిడ. ఒక్కో గుడ్డును కాగితంలో చుట్టి తెచ్చిచ్చింది. ఈ పిల్లలు దిగగానే కంపెనీకి రానని చెప్పేస్తానని అత్త సూపర్‌వైజరుతో అప్పటికే అనేసింది.

గుడ్లు మూడోవారంలో ఉండగా దసరా వచ్చింది. పండుగ మర్నాడు పొద్దున్నే ఫోను. "అల్లుడా, డబ్బ సల్లగ అయింది. ఎర్రలైటు ఎలుగుతనే ఉన్నది, బల్బులు ఎలుగుతలేవు. జెర జల్దీ రా," అంది. రాత్రంతా అలాగే ఉందన్నమాట. ఎర్రలైటు చూసి అంతా సరిగ్గానే ఉందనుకుంది, పాపం. బల్బులు ఎలాగూ కాసేపు ఆరి కాసేపు వెలిగేవే కదా.

నేను వెళ్లగానే బల్బులను బోర్డు నుంచి తప్పించి నేరుగా ప్లగ్గుకు కలిపాను. ముప్పై ఎనిమిది దాటితే పీకు, ముప్పై ఏడుకు దిగితే పెట్టు అని చెప్పి థర్మామీటరు అత్త చేతికిచ్చాను. ఆ రోజు బోర్డు పని ఆమే చేసింది. స్టూలు మీద కూర్చుని, ఒక చెయ్యి ప్లగ్గు మీద వేసి, "జీతమెంతిస్తవురా దీనికి?" అని అడిగింది. ఇంకా నవ్వుతూనే ఉంది అప్పటికి.

బోర్డును నా పాత ల్యాప్‌టాప్‌కు తగిలించాను. జవాబు లేదు. ఫ్రిజ్ మీద ఇంకో బోర్డు పెట్టి ఉంచాను, ఇలాంటి రోజుకోసమే. అదీ అంతే, ఎర్రలైటు తప్ప ఉలుకూ పలుకూ లేదు. ఇక్కడే నా లెక్క నన్ను దారి తప్పించింది. రెండు బోర్డులు ఒకేసారి పాడవవు. కాబట్టి తప్పు రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాంట్లో ఉండాలి. ఉమ్మడిగా ఉన్నవి కేబులు, అడాప్టరు, ల్యాప్‌టాప్. కేబులు కదిపితే కంప్యూటరులో బోర్డు పేరు వచ్చి పోతోంది కూడా. దొరికిందనుకున్నాను. షేర్ ఆటో పట్టుకుని పటాన్‌చెరు వెళ్లాను. పండుగ మర్నాడు కావడంతో దుకాణాలు తెరుచుకునేసరికి మధ్యాహ్నమైంది. అనుమానం ఎందుకని కేబులుతోపాటు అడాప్టరు, ఇంకో బోర్డు కూడా కొన్నాను.

తిరిగి వచ్చేసరికి అత్త మొహం వాడిపోయింది. మూత్రానికి కూడా లేవలేదట. మధ్యలో ఒకసారి కునుకు పట్టి వేడి నలభై దాటిందని చెప్పింది, నా వైపు చూడకుండా. కొత్త కేబులుతో కొత్త బోర్డు వెంటనే పలికింది. అదే కేబులుతో పాతవి పలకలేదు. అప్పుడు కొత్తదాన్నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండింటి మీదా రీసెట్ మీట ఉంటుంది. అది నొక్కితే బోర్డు చేస్తున్నది వదిలేసి మొదటినుంచి మొదలుపెడుతుంది. నొక్కి పట్టుకుంటే అసలు మొదలే పెట్టదు. కొత్తదాని మీట పైకి నిలబడి ఉంది. పాతదానిది లోపలికి దిగి, పసుపు గంధం ఎండి, అక్కడే అతుక్కుపోయి ఉంది. దాని మీద కుంకుమ బొట్టు. ఫ్రిజ్ మీద పెట్టి ఉంచిన రెండో బోర్డుకూ అంతే.

బొట్టు నేను పొద్దుట చూడలేదా అంటే చూశాను. ఆయుధపూజ చేసిన ఇంట్లో బొట్టు లేని వస్తువేది? మిక్సీకి ఉంది, గ్యాసుపొయ్యికి ఉంది, నా కాంటాకూ ఉంది. అన్నిటికీ ఉన్నదాన్ని నేను ఉమ్మడి లెక్కలో వేసుకోలేదు.

"అత్తా, బొట్టు దీనికే ఎందుకు పెట్టినవ్?" అన్నాను.

"మరేడ పెట్టాలె? అన్నీ ముండ్ల లెక్కనే ఉండె. గదొక్కటే నొసలు లెక్క కొట్టొచ్చింది. ఒత్తి పెట్టిన, రాలిపోవద్దని." గాజులకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. దాంతో మీట చుట్టూ గీకి, కొనతో ఎత్తాను. టక్కుమని పైకి లేచింది. బోర్డు పలికింది, బల్బులు వెలిగాయి. ఆమె వాటి వంక చూడలేదు.

"అంటే నా చేత్తోటే అయిందా?"

"రాత్రంతా సల్లవడ్డయి గదా అత్తా, ఎవరికి తెలుస్తది," అన్నాను.

పంతొమ్మిది పిల్లలు దిగాయి. పాలు లెక్క ప్రకారం దిగినవాటిలోనే సగం ఇవ్వాలి, పోయినవి ఇద్దరికీ పోయినట్టే. అత్త ఒప్పుకోలేదు. పోగొట్టింది తన చెయ్యి కాబట్టి తొంభై ఆరులో సగం, నలభై ఎనిమిది పిల్లలు ఇవ్వాలంది. పంతొమ్మిదీ పంచేసింది, తనకు ఒక్కటీ ఉంచుకోలేదు. పక్కింటావిడ ఒక్క పిల్లను తీసుకుని, "ముందు మిగతావాళ్లకు ఇవ్వండి వదినగారూ, నాకేం తొందర? ఆ లెక్కలు మీ అల్లుడికి వదిలేయండి," అంది. అత్త తలూపి, సోమవారం అన్నం డబ్బా కట్టుకుని కంపెనీ బస్సెక్కింది. సూపర్‌వైజరు ఏమన్నాడని నేను అడగలేదు.

బోర్డు మంచిగానే ఉంది, పెట్టె మళ్లీ వేద్దామని చాలాసార్లు అన్నాను. "మందివి గుడ్లు ఇగ నేను పెట్టుకోను," అంటుంది. ఫ్రిజ్‌లో ఇప్పుడు చలికాలం దుప్పట్లున్నాయి. పెరట్లో కోడి పొదిగినప్పుడల్లా, గద్దకూ పిల్లికీ పోగా మిగిలినవాటిని ఒకటో రెండో ఇస్తూ వస్తోంది. అలా పద్దెనిమిది తీరాయి. మిగిలినవన్నీ పక్కింటావిడవే. ఆవిడకు గుర్తుందో లేదో తెలియదు, అత్తకు మాత్రం ఉంది. గుడ్డు పిల్ల కావడానికి మూడు వారాలు చాలు; అత్త నడుముకు ఇంకా ఎన్నేళ్ల బస్సు ప్రయాణం ఉందో ఏ కాంటా మీదా తేలడం లేదు. ఇవాళ్టికి బాకీ పదకొండు పిల్లలు.