మంచులో పెట్టి తీసిన రాయి

మొన్న బీరువా సర్దుతుంటే ఆసుపత్రి కాగితాల కింద మూత బిగించిన చిన్న ప్లాస్టిక్ డబ్బా దొరికింది. అందులో జొన్నగింజంత రాయి. నా ఎడమ కిడ్నీలోదే, కానీ నా ఒంట్లో ఉండగా తీసింది కాదు.

కరీంనగర్ పల్లెలు విడిచి సూరత్‌లో మగ్గాలు పట్టిన నా ఈడువాళ్లకు తెలిసే ఉంటుంది, షిఫ్టులో మనం నీళ్లు తాగేవాళ్లం కాదు. మీటరుకింత అని కూలి. తాగితే బయటికి వెళ్లాలి, వెళితే ఎక్కడో పోగు తెగి మగ్గం ఆగిపోతుంది. అందుకే షిఫ్టు ఎక్కేముందు ఒక చెంబు, దిగాక ఒక చెంబు. తమ్ముణ్ణి పనిలో పెట్టినప్పుడు వాడికీ ఇదే నేర్పాను, అదేదో పెద్ద విద్య అయినట్టు.

వాడి కిడ్నీలు రెండూ చెడిపోయాయని తెలిసిన ఏడాదే కరోనా వచ్చింది. మగ్గాలు ఆగి, సూరత్ శివారు వడోద్‌లో మా గల్లీ సగం ఊళ్లకు వెళ్లిపోయినా, డయాలసిస్ మీద ఉన్నవాణ్ణి తీసుకుని ఎక్కడికి పోతామని మేం ఉండిపోయాం. ఇంట్లో వాడికి సరిపోయింది నా కిడ్నీ ఒక్కటే, తీరా స్కానింగులో అందులో రాయి కనబడింది. నీళ్లు ఎన్ని తాగుతావని డాక్టరు హిందీలో అడిగితే, ఎక్కడ వద్దంటాడోనని బాగానే తాగుతానని అబద్ధమాడాను. పక్కనే ఉన్న తమ్ముడు మాస్కులోంచే నవ్వి, "ఏందన్నా, నాకిచ్చేదాంట్ల రాయి గూడ పెట్టిస్తున్నవా?" అని, ఉన్నదంతా డాక్టరుకు చెప్పేశాడు. ఆయన కోప్పడలేదు. నీళ్లు చాలక కట్టిన రాయే అయితే భయం లేదని, ఇకనుంచి తాగుతానని మాట తీసుకుని, ఇంకా ఏవో పరీక్షలు చేయించి, చివరికి సరేనన్నాడు. లాక్‌డౌన్ సడలాక ఆపరేషన్ జరిగింది. నా కిడ్నీ బయటికి తీసి, మంచులో పెట్టి, సన్నటి గొట్టంతో రాయి తీసేసి, అప్పుడు వాడికి అమర్చారట. రాయి మాత్రం నా చేతికిచ్చారు.

కొన్ని నెలలు వాడు బాగున్నాడు. రోజూ పొద్దున్నే తలుపు తట్టి, "అన్నా, నీళ్లు తాగినవా?" అని అడిగేవాడు. కొత్త కిడ్నీ నిలవాలని ఇచ్చే మందులు రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. రెండో వేవ్‌లో జ్వరం వచ్చిన తొమ్మిదో రోజున పోయాడు. ఆసుపత్రివాళ్లు వాడి మొహం కూడా మాకు చూపించలేదు. మరదలు ఏడుస్తుంటే నేను గోడకానుకుని గ్లాసు తర్వాత గ్లాసు నీళ్లు తాగుతూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇన్నేళ్లయినా రాలేదు, ఎందుకో నాకే తెలియదు.

ఇప్పుడు మా కార్ఖానాలో మగ్గాల మధ్యే నీళ్ల క్యాన్లు పెడుతున్నారు. కొత్తగా వచ్చినవాళ్లు మగ్గం ఆపి మరీ తాగుతారు, వాళ్లను ఎవరూ ఏమీ అనరు. చూస్తే సంతోషమే. కిడ్నీ వాడితోపాటే కాలిపోయింది, వాడికి పనికిరాదని తీసేసిన రాయి నా దగ్గర మిగిలింది. పారేయబుద్ధి కాక డబ్బాను మళ్లీ ఆ కాగితాల కిందే పెట్టి, వంటింట్లోకి వెళ్లి, ఎవరూ అడక్కుండానే రెండు గ్లాసుల నీళ్లు తాగాను.